ఎర్రదీపం పీట

నా కోడలు మంజుల నిద్రలో కూడా బీడీలు చుట్టేది.

నవ్వకండి, నిజం. వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, చిన్నగా గురక కూడా పెడుతూ, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని చుట్టేది. బొటనవేలూ చూపుడువేలూ ఆకును దొర్లించినట్టు దొర్లేవి. చిటికెనవేలు దారం పట్టినట్టు ఒంగేది. ఆకు లేదు, తంబాకు లేదు, ఒళ్లో చాట లేదు. వట్టి గాలినే చుట్టి కట్టలు కట్టేది. పెళ్లయి వచ్చిన కొత్తలో నా కొడుకు సుధాకర్ భయపడిపోయాడు. "అవ్వా, దీనికి గాలి సోకినట్టున్నదే, జర చూడు" అని నన్ను లేపాడు. నేను చూసి, "గాలి కాదురా, కూలి. పో, పండుకో" అన్నాను. నా వేళ్లూ అంతే కదా మరి. మా అత్త చనిపోయేముందు కూడా దుప్పటి అంచును చుట్టుతూనే ఉంది. మొన మడవబోయి ఆగిపోయింది పాపం.

సుధాకర్ లారీ నడిపేవాడు. ఆ లారీతోనే పోయాడు. అప్పటికి మనవరాలు నక్షత్ర ఇంకా పాకుతోంది. ఆ తర్వాత మా ముగ్గురికీ మంజుల వేళ్లే ఆధారం. కోరుట్లలో మా వాడంతా అలాంటి వేళ్లతోనే బతికింది లెండి.

తర్వాత జనం బీడీలు తాగడం మానేశారు. మంచిదే, మా ఊపిరితిత్తులు మాకు తెలుసు. కానీ ఖార్ఖానాకు తాళం పడినరోజు ఆ తలుపు ముందు నిలబడిన మాకు ఆ మంచి కనబడలేదు. పని పోయినవాళ్లకు కొత్త పని దొరికేదాకా నెలనెలా భృతి ఇస్తారన్నారు. అయితే నిజంగా పని పోయినవాళ్లకే ఇస్తారట. చాటుగా ఇంకోచోట పనిచేస్తూ భృతి కూడా తీసుకునేవాళ్లను పట్టుకోవడానికి ఒక పీట చేశారట.

ఈ యంత్రాలకూ మాకూ మొదటినుంచీ పడదు. వేలిముద్ర యంత్రం వచ్చినప్పుడు నా వేళ్లకు ముద్రలే లేవంది. ఆకు రాసి రాసి అరిగిపోయాయి, ఎక్కడినుంచి తేవాలి? తర్వాత కన్ను చూసే యంత్రం వచ్చింది. నా కంటికి పొర కమ్మిందంది. ఇప్పుడు ఇది. చూడ్డానికి వంటింట్లో వేసుకునే పీటలాగే ఉంటుంది, కాస్త ఎత్తు ఎక్కువ, తెల్లగా, చల్లగా. నెలకొకసారి దాని మీద కూర్చుని చేతులు మోకాళ్ల మీద పెట్టుకోవాలి. ముందున్న చిన్న దీపం పచ్చగా వెలిగితే పని లేనట్టు, భృతి వస్తుంది. ఎర్రగా వెలిగితే పని ఉన్నట్టు.

మా వాడ ఆడవాళ్లమంతా భృతి కేంద్రానికి వెళ్లాం. అందరికంటే ముందు మా పక్కింటి కనకవ్వ కూర్చుంది. పీటలోంచి ఒక ఆడగొంతు, మెత్తగా, అడిగింది.

"మీకు పని ఉందా?"

"పనెందుకు లేదు? పొద్దుగాల లేస్తే పనే. బోళ్లు ఎవలు తోముతరు, నువ్వొచ్చి తోముతవా?" అని కనకవ్వ పీటనే గద్దించింది.

ఎర్రదీపం.

అక్కడి అధికారి వామన్‌రావు సారు నెత్తి పట్టుకున్నాడు. "అమ్మా, నువ్వు నోటితోని ఏం చెప్పినా అది వినది. ఒళ్లును వింటది. దిగు, ఇంకొకలు రాండ్రి."

మంజుల కూర్చుంది. "మీకు పని ఉందా?" అంది పీట. "లేదు" అంది మంజుల. లేదని నోరు అంటూనే ఉంది, మోకాళ్ల మీద వేళ్లు దొర్లుతూనే ఉన్నాయి. నేను చూస్తున్నాను కదా, ఆమె కళ్లు కూడా గోడ మీది గడియారం వైపే పోతున్నాయి. నల్లా నీళ్లు వచ్చే వేళ. నక్షత్ర బడి బస్సు దిగే వేళ.

ఎర్రదీపం.

"ఏడ పనిచేస్తున్నవమ్మా? చెప్పు" అన్నాడు సారు.

"ఏడ చేస్త సారూ? ఖార్ఖాన తాళం మీరు జూడలేదా?"

"యంత్రం అబద్ధమాడది."

"అయితే నేను ఆడుతున్ననా?"

సారు ఇంకొకరిని పిలిచాడు. మా వాడలో ఒక్కరికీ పచ్చదీపం వెలగలేదు. వట్టి చేతులతోనే తిరిగి వచ్చాం. ఇంట్లో బియ్యం డబ్బా మూత తీసినప్పుడల్లా లోపలినుంచి ఖాళీ చప్పుడు వచ్చే రోజులవి.

మొత్తుకోగా మొత్తుకోగా, ఆ పీటను తయారుచేసిన పిల్లనే హైదరాబాద్ నుంచి పంపారు. పేరు శశిరేఖ. తెనాలి వైపు పిల్ల. మా ఇంటికొచ్చి, చెప్పులు బయట విడిచి, "మామ్మగారూ, లోపలికి రావచ్చా?" అంది. ఆ గొంతు వినగానే నేను ఉలిక్కిపడ్డాను.

"పీటల మాట్లాడింది నువ్వే గదా బిడ్డా!"

ఆమె సిగ్గుపడింది. "అవునండీ. వేరేవాళ్ల చేత చెప్పించడానికి డబ్బుల్లేవు, నేనే చెప్పేశాను."

పీట ఏం చూస్తుందో ఆ పిల్ల నాకు చెప్పిన తీరు బాగుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ నా ముందున్న చాయ్ గ్లాసును మంచం అంచుకు నెట్టింది. నా చెయ్యి వెళ్లి పట్టుకుంది. "చూశారా? మీరు అనుకోకముందే చెయ్యి లేచింది. చేయబోయే పని అలా ఒంట్లో ముందే లేచి కూర్చుంటుందండీ. రేపు డ్యూటీకి వెళ్లాల్సినవాళ్లలో అది ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. ఉద్యోగం పోయినవాళ్లలో మెల్లగా పడుకుంటుంది. పీట దాన్ని పట్టుకుంటుంది. మా ల్యాబులో ఎంతమందిని కూర్చోబెట్టినా తప్పు రాలేదు."

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. గడప దగ్గర మంజుల మా మాటలు వింటూ, చాటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఏరుతూనే కాలితో తలుపు నెట్టి లోపలికి రాబోయిన కోడిని తరిమింది. నక్షత్ర చొక్కా గుండీ ఊడితే, చూడకుండానే చెయ్యి చాచి పెట్టింది. శశిరేఖ చాలాసేపు ఆమెనే చూసింది.

"మేం కూర్చోబెట్టిందంతా ఇంటికెళ్తే విశ్రాంతి దొరికేవాళ్లని" అంది చివరికి, తనలో తాను అనుకున్నట్టు.

పీటను మార్చాలంటే పైనుంచి అనుమతులు రావాలట, చాలాకాలం పడుతుందట. అంతదాకా అని ఆమె సంచిలోంచి ఒక జత పట్టీలు తీసింది. గాజులు వేసుకునే చోట కట్టుకునేవి, బూడిదరంగు. ఒంట్లో లేచి కూర్చున్న ఆ తొందరను అవి పడుకోబెడతాయట. పరీక్షకు ముందు కొద్దిరోజులు కట్టుకుని, తర్వాత తీసేయాలట. తాను కూడా ఒక పూట కట్టుకుని చూసిందట.

"నొప్పి లేస్తదా మేడమ్?" అంది మంజుల.

"లేదండీ. హాయిగా ఉంటుంది."

నిజంగానే హాయిగా ఉందనుకుంటా. మూడోనాటికో నాలుగోనాటికో మధ్యాహ్నం నిద్రలో మంజుల వేళ్లు చూశాను. కదలడం లేదు. పొట్ట మీద రెండు చేతులూ పడుకున్న పిల్లుల్లా ఉన్నాయి. పీట మీద కూర్చుంటే పచ్చదీపం వెలిగింది. భృతి వచ్చింది. బియ్యం డబ్బా చప్పుడు ఆగింది. నక్షత్రకు బూట్లు కొన్నాం. కనకవ్వ వచ్చి, "నాకు గూడ తెప్పియ్యరాదే ఆ గాజులు" అని నా ప్రాణం తీసింది. ఆ పట్టీలనే ఇంకా పరీక్షిస్తున్నాం, ముందు ఒకరికే అంది శశిరేఖ.

పరీక్ష అయిపోయింది కదా, తీసెయ్యమన్నాను. మంజుల తీయలేదు.

"ఉండనీ అత్తమ్మా" అంది. గడప మీద కూర్చుని మోరీలో వాన నీళ్లు పోవడం చూస్తోంది. "ఒళ్లు ఇంత మెత్తగ ఉంటదని నాకు తెల్వనే తెల్వదు. చిన్నప్పుడు మా అవ్వ చాట ముందట కూసోపెట్టిన కాడికెల్లి, ఇగో, ఇప్పుడు లేస్తున్న."

 మంజుల ఊరికే కూర్చోగా నేను ఎన్నడైనా చూశానా? పురుడు పోసుకున్న వారంలోనే చాట ఒళ్లో పెట్టుకుంది. పెళ్లి పందిట్లో కూడా పసుపు దారం పట్టుకుని దాన్నే వేళ్లకు చుట్టుకుంటుంటే పంతులు నవ్వాడు. కూర్చోనీ అనుకున్నాను.

కానీ నాకే ఒకచోట నిలవబుద్ధి కాలేదు. ఆమె ఒంట్లోంచి పోయిన తొందరంతా వచ్చి నా ఒంట్లో దిగినట్టయింది. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎందుకు లేచానో తెలిసేది కాదు. వాకిట్లోకి, వంటింట్లోకి, మళ్లీ వాకిట్లోకి. పాలు పొంగిపోతుంటే మంజుల చూస్తూ ఉండేది, పొంగడం బాగుందన్నట్టు. నేను ఉరికివచ్చి దించేదాన్ని. నల్లా వచ్చి పోయేది. నక్షత్ర రిబ్బన్లు పట్టుకుని అమ్మ మోకాళ్ల మధ్య కూర్చునేది. ఒకప్పుడు జడ వేశారని తెలిసేలోపే జడ అయిపోయేది, బీడీ చుట్టిన వేళ్లు కదా. ఇప్పుడు మూడు పాయలు తీసి, రెండు మలుపులు వేసి, చేతులు అక్కడే వదిలేసేది. మిగిలింది నేను అల్లేదాన్ని.

"బాపమ్మా, అమ్మకు జొరమా?" అనేది పిల్ల.

"జొరం గాదు బిడ్డా, అలసట" అనేదాన్ని. ఇన్నేళ్ల అలసట ఇన్నాళ్లకు తీరుతోందని నాకు నేనే చెప్పుకునేదాన్ని. చెప్పుకుంటూ మళ్లీ వాకిట్లోకి వెళ్లేదాన్ని.

ఆరోజు నేను వాకిట్లోనే ఉన్నాను. అన్నం వార్చిన గంజి గిన్నె పొయ్యి పక్కన గట్టు మీద ఉంది. మంజుల దాని పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని ఉంది. నక్షత్ర గట్టు మీది డబ్బా కోసం మునివేళ్ల మీద లేచింది. గిన్నె కదిలింది. నాకు తలుపులోంచి అంతా కనబడుతోంది. మంజుల చూసింది. ఆమె కళ్లు గిన్నె వెంటే కదిలాయి. నోరు తెరుచుకుంది. చేతులు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి.

నేను ఎంత పరుగెత్తితే ఏం లాభం? వేడి గంజి నక్షత్ర పాదం మీద పడింది. పిల్ల కేక వాడంతా వినబడింది. కుండలో నీళ్లన్నీ కుమ్మరించాను, ఎత్తుకున్నాను, ఏం చేశానో నాకే తెలియదు. చేసి చేసి మంజుల వైపు తిరిగాను, నోటికొచ్చిందల్లా అనబోయాను.  ఆమె ఏడుస్తోంది. ధారగా కారుతున్నాయి కన్నీళ్లు. తుడుచుకోవడానికి చెయ్యి లేవడం లేదు.

"చూసిన అత్తమ్మా" అంది. "పడుతదని తెలిసింది. నా బిడ్డ అని తెలిసింది. ఒళ్లు లెవ్వలే."

పట్టీలు నేనే లాగేశాను. శశిరేఖకు కబురు పెడితే, ఉన్న బట్టల మీదే వచ్చేసింది. కారులో ఒక పీట కూడా తెచ్చింది. మా అరుగు మీద వేసి మంజులను కూర్చోబెట్టింది. "మీకు పని ఉందా?" అని పీటలోంచి ఆ పిల్ల గొంతే అడిగింది. పక్కన కాలికి కట్టుతో నక్షత్ర. లోపల బోళ్లు. తీగ మీద తడి బట్టలు.

పచ్చదీపం.

పచ్చదీపం చూసి ఏడ్చిన మనిషిని ఆ శశిరేఖ ఒక్కదాన్నే చూశాను నేను.

"తీస్తే పోతుందనుకున్నాను మామ్మగారూ. ఒక్క పూట కట్టుకుని, అంతా తెలిసిపోయిందనుకున్నాను. ఇన్నాళ్లు కట్టుకుంటే ఏమవుతుందో చూడలేదు. తప్పు నాది."

"ఏడ్వకు. మల్ల లేస్తదా, అది చెప్పు."

"తెలియదండీ" అంది. అబద్ధం చెప్పలేదు, అందుకే నేను ఆ పిల్లను తిట్టలేదు.

పీట తీసుకుని వెళ్లిపోయింది. వెళ్లి, ఈ పట్టీలు వద్దు, అసలు ఈ పీటే వద్దు, తప్పు చెబుతోంది అని తన పైవాళ్లతో పోట్లాడిందట. అది మాకు తర్వాత తెలిసింది.

మేం ఇక్కడ ఎదురుచూశాం. ఎదురుచూడడం తప్ప వైద్యం లేదు. నక్షత్ర మాత్రం ఒక్క పొద్దు కూడా తప్పలేదు. కుంటుకుంటూ వచ్చి, దువ్వెన అమ్మ చేతిలో పెట్టి, రిబ్బన్ భుజం మీద వేసుకుని, మోకాళ్ల మధ్య కూర్చునేది. కూర్చుని, బస్సు హారన్ వినబడేదాకా అలాగే ఉండేది. హారన్ వినబడ్డాక నా దగ్గరికి వచ్చేది. "అమ్మ కోపం చేస్తలేదు గదా బాపమ్మా?" అని మాత్రం అడిగేది.

ఒకరోజు బస్సు ముందే వచ్చింది. సందు చివర హారన్ కొట్టింది. పిల్ల కదలలేదు, మొండిగా కూర్చుంది. "అమ్మా, బస్సు పోతది" అంది. మళ్లీ హారన్. నేను లేవబోతూ చూశాను. మంజుల చిటికెనవేలు ఒంగింది, దారం పట్టినట్టు. తర్వాత బొటనవేలు. దువ్వెన కింద పడింది, పడనీ. మూడు పాయలూ పట్టుకుంది. వంకరగా వచ్చింది జడ, ఎడమ చెవి మీదికి పోయింది. అయినా చివరిదాకా వచ్చింది. రిబ్బన్ ముడి వేసి, "ఉరుకు" అంది మంజుల. బిడ్డ వీపు మీద ఒక్కటి చరిచింది కూడా.

పిల్ల కుంటుతూ, నవ్వుతూ ఉరికింది. నేను అరుగు మీద కూర్చుని చాయ్ పోసుకున్నాను. ఆ సంతోషం చాయ్ తాగినంతసేపు కూడా నిలవలేదు. మర్నాడే మళ్లీ భృతి పరీక్ష.

పొద్దున బయలుదేరేముందు నడుముకున్న సంచిలోంచి పట్టీలు తీసి మంజుల ముందు పెట్టాను. కట్టుకొమ్మని అనలేదు, వద్దనీ అనలేదు. బియ్యం డబ్బా ఎంతవరకు ఉందో ఇద్దరికీ తెలుసు. ఆమె ఒక పట్టీని చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టింది.

"హాయిగ ఉండె అత్తమ్మా. నీకు నిజం చెప్తున్న. మల్ల అసొంటి హాయి నాకు దొరకది." అంటూనే చీర కొంగు నడుముకు దోపుకుంది. "పా, పోదాం. అవి గూడ తీసుకో, మేడమ్‌కు ఇచ్చేద్దాం."

కేంద్రంలో పీట ఎప్పటిలాగే తెల్లగా, చల్లగా ఉంది. మంజుల కూర్చుంది. గొంతు అడగడం పూర్తికాకముందే ఎర్రదీపం వెలిగింది.

"పోయిన నెల పచ్చ, ఈ నెల ఎర్ర" అన్నాడు వామన్‌రావు సారు. "అంటే పని దొరికిందన్నమాట. సంతోషమమ్మా. భృతి బంద్."

"పని దొరకలే సారూ, ఒళ్లు దొరికింది" అంది మంజుల. సారుకు అర్థం కాలేదు.

"సార్, తర్వాత నేను కూర్చుంటాను" అని వరుస చివరినుంచి ఒక గొంతు వినబడింది. అందరం తిరిగాం. పీట గొంతే. శశిరేఖ, మాసిన చుడీదార్, జుట్టు చెదిరి.

వామన్‌రావు సారు లేచి నిలబడ్డాడు. "మేడమ్, మీరు ఈ లైన్ల..."

"నాకు ఉద్యోగం పోయింది కదా సార్. తీసేసిన కాగితం మీ కేంద్రానికే వస్తే, ఫోనులో చదివి వినిపించింది మీరే."

 ఆమె వచ్చి పీట మీద కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుంది.  ఆమె గొంతే ఆమెను అడిగింది, మెత్తగా.

"మీకు పని ఉందా?"

"లేదు" అంది శశిరేఖ.

ఎర్రదీపం.

 అందరికంటే ముందు కనకవ్వ అందుకుంది. "దొరికింది దొంగ! చాటుంగ ఏడనో జీతం తీసుకుంటున్నది. రాసుకో సారూ, బంద్ పెట్టు!"

వరుసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "మేడమ్, మరి ఈ ఎర్రదీపం... ఎక్కడ పని మీకు?"

"ఈ పీటను ఆపించే పని సార్. పొద్దున లేస్తే ఒళ్లంతా అదే. జీతం మాత్రం లేదు."

సారు కలం పట్టుకుని కూర్చున్నాడు. ఆమెకు పని ఉందని రాస్తే, తీసేసిన సంగతి తన నోటితోనే చెప్పాడు. పని లేదని రాస్తే, యంత్రం అబద్ధమాడినట్టే. నా కోడలి విషయంలో యంత్రాన్ని నమ్మడం ఆయనకు సులువైంది. ఈమె విషయంలో ఆయన చెవులూ నోరూ అడ్డం వచ్చాయి. చివరికి లేచి, గోడ దగ్గరికి వెళ్లి, పీట తీగ పీకేశాడు.

"ఇయ్యాల పీట పనిచేస్తలేదు" అన్నాడు.

"అయ్యో పాపం, పీటకే పని పోయింది" అన్నాను నేను. "దానికి ఎవలిస్తరు సారూ భృతి?"

అప్పుడు నవ్వాడు ఆయన.

ఆ ఒక్క రోజుతో అన్నీ చక్కబడ్డాయంటే మీరు నమ్మొద్దు. పైవాళ్లు వచ్చారు, పోయారు. శశిరేఖ రాత్రిళ్లు మా ఇంట్లో చాప మీద పడుకుంటూ, పగలు ఆ పీట వద్దని చెబుతూ ఊరూరూ తిరిగింది. ఆ మధ్యకాలమంతా ఒక్కరికీ భృతి రాలేదు, ఒక ఇంట్లో వండింది రెండిళ్లవాళ్లం తిన్నాం. చివరికి ఇప్పుడు పీట బదులు కేంద్రం నుంచి ఒక మనిషి ఇంటికి వచ్చి అడుగుతున్నాడు. పని ఉందా అని అడగడం లేదు. జీతం వస్తోందా అని అడిగి, లేదంటే భృతి రాస్తున్నాడు. కనకవ్వ కూడా గద్దించకుండా జవాబు చెబుతోంది.

మూలన పడేసిన పీటల్లో ఒకటి శశిరేఖ మాకిచ్చింది. కరెంటు తీగ లేకున్నా ఎండ తగిలితే చాలట, దానంతటదే వెలుగుతుంది. పట్టీలు కూడా మా ఇంట్లోనే ఉన్నాయి, ఆ పిల్ల అడగనూ లేదు, మేం ఇవ్వనూ లేదు. ఎక్కడున్నాయో నాకు తెలుసు. మంజులకూ తెలుసు. ఒక్కో మధ్యాహ్నం ఆమె కళ్లు అవి దాచిన పెట్టె వైపు పోతాయి. అలా పోయినప్పుడల్లా నేను లేచి ఒకసారి వాకిట్లోకి వెళ్లివస్తాను.

పొద్దున మాత్రం ఆ పీట అరుగు మీద ఉంటుంది. మంజుల దాని మీద కూర్చుంటుంది, నక్షత్ర ఆమె మోకాళ్ల మధ్య. "మీకు పని ఉందా?" అని అడుగుతుంది పీట, రోజూ కొత్తగా అడిగినట్టు. మంజుల పళ్ల మధ్య రిబ్బన్ ఉంటుంది, మాట్లాడటానికి వీలుండదు. ఎర్రదీపం వెలుగుతుంది.

"ఉన్నది, ఉన్నది" అంటుంది నక్షత్ర పీటతో. "అమ్మా, జల్ది. బస్సొస్తున్నది."